మన్సూర్ కట్టిన రేకు బోర్డు

ఏమీ జరగకుండా చూసిన మనిషికి ఏమని కృతజ్ఞత చెప్పాలి?

పోతున్న ప్రాణాన్ని నిలబెట్టిన డాక్టరుకు దండం పెట్టొచ్చు. మునిగిపోతున్నవాణ్ణి ఒడ్డుకు లాగినవాడి చేతులు పట్టుకోవచ్చు. కానీ ఆగిపోవలసిన యంత్రం ఆగలేదు, పడవలసిన రూఫు పడలేదు, జరిగింది అంతే అయితే? చూపించడానికి ఏమీ ఉండదు. ఆ రోజు కూడా మామూలు రోజులాగే గడిచిపోతుంది. సుగుణమణి ఈ ప్రశ్నను చాలా ఏళ్లు మోసింది. ఇది రాస్తున్న ఈ వయసులో కూడా ఆమెకు జవాబు దొరకలేదు. దొరకనప్పుడు చేయగలిగింది ఒకటే, ఆ మనిషి సంగతి చెప్పుకోవడం.

ఆ మనిషి పేరు మన్సూర్. గోదావరిఖని చౌరస్తా నుంచి లోపలికి పోయే సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుకూ కోడిమాంసం అంగడికీ నడుమ అతని దుకాణం. మొదట టీవీలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు. జనం కంప్యూటర్లు కొనడం మొదలుపెట్టాక అవి కూడా. వాళ్ల అబ్బ భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్. ఆయన పోయినప్పుడు ఆ ఉద్యోగం పెద్దకొడుకు షోయబ్‌కు వచ్చింది. చిన్నకొడుకు మన్సూర్‌కు అబ్బ సంచి వచ్చింది. అందులో ఒక టెస్టరు, రెండు పానాలు, ఒక రేకు బోర్డు.

ఆ బోర్డు మీద ఎర్రరంగుతో 'మనుషులు పని చేస్తున్నారు' అని ఉండేది. గనిలో కరెంటు పనికి పోయేవాళ్లు స్విచ్ దింపి, దానికి ఈ బోర్డు కట్టి పోతారు. కట్టిన చెయ్యే విప్పాలి. మేనేజర్ వచ్చినా సరే, ఇంకొకడు విప్పకూడదు. లోపల ఉన్న మనిషి ఊపిరి ఆ తీగముడి మీద ఆధారపడి ఉంటుంది. మన్సూర్ దాన్ని దుకాణంలో సోల్డరింగు బల్ల పైన మేకుకు వేలాడదీశాడు. "ఇది దేనికయ్యా?" అని ఎవరైనా అడిగితే, "మా అబ్బ ఫోటో లేదు, గదే ఫోటో అనుకో" అనేవాడు.

సుగుణమణి అదే ఊళ్లో ఒక చిన్న క్రైస్తవ మిషన్ దవాఖానలో గుమాస్తా. చీటీలు రాయడం, మందుల లెక్క చూడడం, రోగులను పేరు పెట్టి పిలవడం ఆమె పని. దవాఖానకు పూర్తికాలం డాక్టరు లేదు. హైదరాబాద్ నుంచి ఒక డాక్టరమ్మ శనివారం శనివారం రైలెక్కి రామగుండం స్టేషన్లో దిగేది. మిగతా రోజుల్లో సుజిత అనే నర్సు ఎక్స్‌రేలు తీసి స్కానర్‌లో పెడితే, డాక్టరమ్మ అక్కడి నుంచే నెట్ ద్వారా దవాఖాన కంప్యూటర్లోకి వచ్చి చూసుకునేది. ఆ కంప్యూటర్‌ను నిలబెట్టింది మన్సూరే. ఎవరో వాడి పారేసిన పెట్టె అది. దానిలో డబ్బులు కట్టనక్కర్లేని ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. దేశదేశాల వాళ్లు తలా ఇంత రాసి ఊరికే ఇచ్చిన సిస్టమ్ అది.

"ఊరికే ఇస్తే వాళ్లకేం వస్తది తమ్మీ?" అని సుగుణమణి అడిగింది.

"నాకు గదే సమజ్ కాలే అక్కా. ఇస్తున్నరు, తీస్కుంటున్న" అన్నాడు మన్సూర్.

సకల జనుల సమ్మె వచ్చిన ఏడు అది. బొగ్గుబాయిలు బంద్, బస్సులు బంద్, కొన్ని రోజులు రైళ్లు కూడా బంద్. బొగ్గు లేక కరెంటు వస్తూ పోతూ ఉండేది. ఊరంతా రోడ్డు మీదనే వంట, రోడ్డు మీదనే పాట. ఆ రోజుల్లోనే సుగుణమణి పెనిమిటి యిర్మియాకు ఊపిరి అందకుండా పోయింది.

యిర్మియా ఉద్యోగమంతా టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట రూఫు కిందికి రాకుండా కర్రలు నిలబెట్టే పని. రిటైరయ్యాక కూడా ఎవరింటికి పోయినా ముందు పైకప్పు చూసేవాడు, ఆ తర్వాతే మనుషులను. అలాంటి మనిషి ఛాతీలో నీరు చేరి మంచం మీద కూర్చుని నిద్రపోతున్నాడు. సుజిత ఎక్స్‌రే పంపితే డాక్టరమ్మ చూసి, నీరు తీయడానికి ట్యూబు వేయించమని ఫోన్లో చెప్పింది. గవర్నమెంటు దవాఖాన నుంచి వచ్చిన పెద్దడాక్టరు ఆ ట్యూబు వేసి పోయాడు, రోజూ రావడం ఆయనకు కుదరదు. తర్వాత డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది: "ఈయన్ని కదిలించొద్దు. హైదరాబాద్ దాకా రోడ్డు ప్రయాణం తట్టుకోలేడు. రోజూ ఎక్స్‌రే పంపండి. మందు ఎంత ఇయ్యాలో, ట్యూబు ఎప్పుడు తియ్యాలో నేను చూసి చెప్తాను."

అంబులెన్సుకు సమ్మెవాళ్లు దారి ఇస్తారు. కానీ ఆ కుదుపులకు యిర్మియా ఊపిరి ఆగదని ఎవరూ చెప్పలేరు. కాబట్టి అంతా ఆ పెట్టె మీదికి వచ్చింది. ఎక్స్‌రే బొమ్మ డాక్టరమ్మకు పోతే యిర్మియా ఇక్కడే బాగుపడతాడు. పోకపోతే రోడ్డెక్కాలి.

మూడోనాడు బొమ్మ సగం పోతుండగా కంప్యూటర్ బిగుసుకుపోయింది. సుజిత ఆపి మళ్లీ పెట్టింది. కాసేపు నడిచి మళ్లీ బిగుసుకుంది. ఊళ్లో నెట్ సెంటర్ల షట్టర్లు దించి ఉన్నాయి. సుగుణమణి మన్సూర్‌కు ఫోన్ చేసింది. ఆటోలు లేవు, సైకిల్ మీద వచ్చాడు. అంగీ చెమటకు వీపుకు అంటుకుపోయింది.

చాలాసేపు స్క్రీన్ ముందు కూర్చున్నాడు. ఆ తర్వాత లేచి పోయి యిర్మియా మంచం పక్కన స్టూలు వేసుకున్నాడు.

"ఏమైందయ్యా బామ్మర్దీ, మీ పెట్టెకు గూడ దమ్ము పట్టిందా?" అన్నాడు యిర్మియా, మాటకూ మాటకూ నడుమ ఆగుతూ.

"నీ దోస్తీల పడ్డది బావా, ఇంకేమైతది" అని మన్సూర్ నవ్వాడు. తర్వాత సుగుణమణి వైపు తిరిగి చెప్పాడు. "అక్కా, కంప్యూటర్ల అన్నిటికన్న కింద ఒక ప్రోగ్రాం ఉంటది. కెర్నల్ అంటరు. మనకు కనవడదు. కనవడేటివన్ని దాని నెత్తిమీదనే ఉంటయి. నెట్ నుంచి వచ్చే సమాచారం ముక్కలు ముక్కలు వస్తది. అన్ని ముక్కలను జోడించే పని దానిదే. బాయిల బొగ్గు టబ్బులొస్తయి సూడు, గట్ల. ఒక్కో ముక్క మీద నేను ఇంత పొడుగున్న, ఫలానా జాగల పెట్టు అని రాసుంటది. ఇది రాసినదాన్ని నమ్ముతది. అబద్ధం రాసిన ముక్క వస్తే, లేని జాగల పెట్టబోయి అవుతలికి పడి, బిగుసుకపోతది."

"ఎవరు పంపుతున్నరు గసొంటియి? మనమీద ఎవరికి పగ?"

"ఎవరికీ లేదక్కా. వైరస్ పట్టిన కంప్యూటర్లు ఎక్కడెక్కడనో ఉన్నయి. తెరిచిన తల్పు కనవడితే చాలు, విసురుతయి. డాక్టరమ్మ లోపలికి రావాలంటే మనం తల్పు తెరిచే ఉంచాలె కదా."

యిర్మియా కళ్లు మూసుకునే విన్నాడు. "టబ్బు మీద నంబరు సూడకుంట పైకి తోలేటోణ్ణి మా సర్దారైతే షిఫ్టు నుంచి ఎల్లగొడుతుండె" అన్నాడు.

"గంతే బావా. తోలేముందు నంబరు సూడు అని దానికి చెప్పాలె. రెండు మూడు వరుసలు రాస్తే అయిపాయె."

అంత తేలికైతే ఈ కథ ఇక్కడే అయిపోయేది. ఆ లొసుగును దూరదేశంలో ఎవరో అప్పటికే పట్టుకుని సరిచేశారు. కానీ అది కొత్త కెర్నల్‌లో. దవాఖానలోని ఎక్స్‌రే స్కానర్ పాతకాలపుది, పాత కెర్నల్‌తో తప్ప మాట్లాడదు. కొత్త కెర్నల్ పెడితే కంప్యూటర్ నిలబడుతుంది, ఎక్స్‌రే మాత్రం కనిపించదు. కాబట్టి కొత్తదానికి వేసిన అతుకును పాతదానికి సరిపోయేలా కత్తిరించి కుట్టాలి. మన్సూర్ ఇదివరకు పైపై పనులు చేశాడే తప్ప అంత లోతుకు ఎప్పుడూ దిగలేదు. దుకాణంలో కరెంటు ఉన్నంతసేపు కూర్చుని రాసుకున్నాడు. అది సరైందో కాదో తెలియక, అక్షరాలు తప్ప బొమ్మలు మోయలేని తన ఫోన్ నెట్ మీద, అలాంటి పని చేసేవాళ్లు మాట్లాడుకునే చోట తన రాత పెట్టి, "తప్పుంటే చెప్పండి, ఇక్కడ ఒక మనిషికి అవసరం ఉంది" అని అడిగాడు. తెల్లారేసరికి ఒక జవాబు వచ్చి ఉంది. పేరు చూస్తే ఏ దేశమో కూడా తెలియలేదు. మన్సూర్ దాన్ని ముద్రించుకుని దవాఖానకు తెచ్చాడు. అతనికి ఇంగ్లీషు చదవడం వచ్చు కానీ చదివినదాని మీద నమ్మకం తక్కువ.

"జర నువ్వు సదువు అక్కా. నేను సరిగ్గనే అర్థం చేస్కున్ననా, సూడు."

సుగుణమణి మంచం పక్కనే నిలబడి చదివింది. "ఒక వరుస మార్చమన్నడు. ఏ వరుసనో కింద రాసిండు. మిగతాదంత కరెక్టేనట. ఆఖర్ల ఏమన్నడంటే, చూడనీకి మంచిగ లేదు గని పని చేస్తది, అన్నడు."

"నా గురించేనా?" అన్నాడు యిర్మియా.

సుజిత చేతిలో సిరంజి పట్టుకునే నవ్వింది. ఆ వారంలో ఆ గదిలో వినపడిన మొదటి నవ్వు అదే.

కంప్యూటర్ పాతది. కెర్నల్‌ను మొత్తం తిరిగి తయారుచేసుకోవడానికి దానికి చాలా గంటలు పడుతుంది. ఆ పని కోసం నెట్ తీగ పీకేసి, పొద్దున్నే మొదలుపెట్టాడు. కరెంటు పోయినప్పుడల్లా దవాఖాన జనరేటర్. డీజిల్ కోసం సమ్మె శిబిరంలోని వాళ్లే తలా ఇంత తెచ్చి పోశారు. మధ్యాహ్నం యిర్మియా చేయి ఎత్తి మన్సూర్‌ను పిలిచాడు.

"పాతది తీసేస్తవా?"

"తీసి కొత్తది పెడుదామని."

"తియ్యకు. పాత కర్ర తీసినంక కొత్త కర్ర పెడ్తనన్నోడు మా దాంట్ల ఎవ్వడు మిగల్లే. పక్కన కొత్తది నిలవెట్టు. బరువు దాని మీదికి వచ్చిందా, కొట్టి సూడు. గప్పుడు తియ్యి పాతది."

"సరే బావా" అన్నాడు మన్సూర్. పాతదాన్ని అలాగే ఉంచి పక్కన కొత్తదానికి చోటు చేశాడు.

పొద్దు వాలి అసర్ నమాజు వేళయ్యేసరికి తయారీ పూర్తయింది. అతుకు వేసిన కెర్నల్‌ను డిస్కు మీద రాయమని చెప్పి, ఐదు నిమిషాల్లో వస్తానని మసీదుకు పోయాడు. సుగుణమణి వార్డులో ఉంది. కంప్యూటర్ గదిలో ఎవరూ లేరు. కాసేపు ముట్టకపోయేసరికి స్క్రీన్ తనంతట తానే నల్లబడింది.

దవాఖాన వాచ్‌మన్ కొమురెల్లి గనిలో పంపు ఆపరేటర్‌గా చేసి రిటైరైనవాడు. షిఫ్టు దిగేటప్పుడు మనిషి లేని చోట స్విచ్ దింపి రావడం అతనికి అన్నం తిని చెయ్యి కడుక్కున్నంత అలవాటు. ఆరోజు కూడా డ్యూటీ దిగుతూ గదిలోకి తొంగిచూశాడు. మనిషి లేడు, వెలుగు లేదు. చెయ్యి దానంతటదే పోయి ఆ గది మెయిన్ దింపేసింది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు పెట్టెను మోసే బ్యాటరీ అప్పటికే ఒట్టిపోయి ఉంది. పెట్టెలోపల తిరిగే చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది.

మన్సూర్ వచ్చేసరికి కొమురెల్లి గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. సుగుణమణి మెయిన్ మళ్లీ ఎక్కించింది.

"నా చెయ్యి ఇరగ" అన్నాడు కొమురెల్లి. "బాయిల నలభై ఏండ్లు దింపిన చెయ్యి."

మన్సూర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అతుకు వేసిన కెర్నల్ సగమే రాసి ఉంది. దానితో పెట్టె లేవలేదు. సుగుణమణి కళ్లు మూసుకుని లోపలే ప్రార్థన మొదలుపెట్టింది. వార్డు నుంచి యిర్మియా దగ్గు వినిపిస్తూనే ఉంది. సాయంత్రం బొమ్మ పోకపోతే పొద్దున అంబులెన్సు తెప్పించమని డాక్టరమ్మ చెప్పింది.

పాత కెర్నల్ ఎంచుకోగానే పెట్టె లేచింది.

మన్సూర్ లేచి వార్డు గుమ్మం దగ్గరికి పోయి, "బావా, నీ పాత కర్ర పట్టింది" అని అరిచాడు.

"పట్టకేమైతది" అన్నాడు యిర్మియా, లోపలి నుంచి.

తయారు చేసిందంతా డిస్కులో ఓ పక్కన భద్రంగానే ఉంది. మళ్లీ రాయడం ఒక్కటే మిగిలింది. కానీ మన్సూర్ వెంటనే మొదలుపెట్టలేదు. సైకిలెక్కి దుకాణానికి పోయి వచ్చాడు. చేతిలో అబ్బ బోర్డు. దాన్ని మెయిన్ స్విచ్‌కు రాగితీగతో కట్టాడు.

కొమురెల్లి దాన్ని చూసి లేచి నిలబడ్డాడు. "ఉల్టా కట్టినవ్ మన్సూరూ. బాయిల దింపిన స్విచ్‌కు కడ్తరు. నువ్వు ఎక్కిచ్చిన స్విచ్‌కు కడ్తున్నవ్."

"మనుషులు పని చేస్తున్నరా లేదా కాకా?"

"చేస్తున్నరు."

"మరింక ఉల్టా ఏంది, సీదా ఏంది?"

"నువ్వు ఇప్పేదాక దాన్ని ఎవడు ముట్టుకుంటడో నేను సూస్త" అన్నాడు కొమురెల్లి. డ్యూటీ దిగినవాడు ఇంటికి పోకుండా, స్విచ్ కింద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు.

దీపాలు పెట్టే వేళకు అతుకు వేసిన కెర్నల్ నిలబడింది. మన్సూర్ తన దుకాణం కంప్యూటర్ తెచ్చి పక్కన పెట్టి, అబద్ధాల ముక్కలు తానే తయారుచేసి, దీని మీదికి పంపాడు. యిర్మియా చెప్పినట్టు కొట్టి చూడడమన్నమాట. ఒక్కొక్క ముక్క వచ్చింది. కెర్నల్ నంబరు చూసింది, పక్కన పారేసింది, తన పని తాను చేసుకుంది. అప్పుడు నెట్ తీగ పెట్టాడు. సుజిత ఎక్స్‌రే పెట్టింది. బొమ్మ మొత్తం పోయింది.

డాక్టరమ్మ ఫోన్ చేసింది. "నీరు తగ్గుతోంది. మందు ఇదే కానివ్వండి. కదిలించొద్దు."

అంతే. ఇంకేమీ జరగలేదు. ఆ తర్వాత ప్రతి రోజూ బొమ్మ పోయింది, ప్రతి రోజూ ఫోన్ వచ్చింది. ఒకరోజు ట్యూబు తీశారు. సమ్మె ఆగింది, బస్సులు కదిలాయి. యిర్మియా రోడ్డెక్కకుండానే, తన కాళ్ల మీద ఇంటికి నడిచాడు.

సుగుణమణి ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టుకుంది. మన్సూర్‌నూ అతని భార్య మక్సూదానూ పిలిచింది. వాళ్ల కోసమని కోడిని హలాల్ కోసే అంగట్లోనే కోయించింది. పాటలయ్యాక, అలవాటు ప్రకారం, జరిగిన మేలును అందరి ముందు సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడింది. దేవుడికి స్తుతులు చెప్పింది. డాక్టరమ్మ పేరు, సుజిత పేరు, డీజిల్ పోసిన పిల్లల పేర్లు చెప్పింది. మన్సూర్ పేరు దగ్గరికి వచ్చేసరికి మాట తడబడింది.

"ఈ తమ్ముడు... కంప్యూటర్ ఆగకుంట చేసిండు."

చాప మీద ముందు వరుసలో కూర్చున్న పోశవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఆగితే ఏమైతుండె బిడ్డా?"

"ఈన్ని హైదరాబాద్ తీస్కపోయేటోళ్లం అవ్వా."

"తీస్కపోతే?"

సుగుణమణి చాప మీద కూర్చున్న యిర్మియా వైపు చూసింది.

"పోలే కదా మరి!" అంది పోశవ్వ. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ మన్సూరే నవ్వాడు. తర్వాత చేతులు కడుక్కునే చోట సుగుణమణి అతనితో ఏదో చెప్పబోయింది. "అక్కా, నాకు ఒక్క వరుస సరిచేసి చెప్పినాయన ఎవడో నాకు తెల్వదు. ఆయనకు నేనేం చెప్పిన? షుక్రియా అని రాసిన, గంతే. గాయన అది సూసిండో లేదో గూడ తెల్వదు" అన్నాడు. ఆమె అతనికి చేతులు తుడుచుకోవడానికి తువ్వాల అందించింది.

బోర్డు మాత్రం స్విచ్ మీదనే ఉండిపోయింది. "ఇప్పలేదేంది?" అని కొమురెల్లి అడిగితే, "పని అయిపోలే కాకా. ఇయ్యాల ఇది మూసినం, రేపు ఇంకోటి బయటపడ్తది. ఈ పెట్టె నడిచినన్ని రోజులు లోపల మనుషులున్నట్టే" అన్నాడు మన్సూర్. ఎక్కడో ఎవరో కొత్త లొసుగు కనిపెట్టారని తెలియగానే, ఎవరూ పిలవకుండానే సైకిల్ మీద వచ్చేవాడు. పాత కెర్నల్‌కు కొత్త అతుకు కత్తిరించి కుట్టి, పక్కన నిలబెట్టి, కొట్టి చూసి, పోయేవాడు. మూడేళ్లు అట్లా గడిచాయి. ఎందరి బొమ్మలో ఆ తీగ మీద పోయాయి. ఎవరికీ మన్సూర్ తెలియదు. యిర్మియాకు దగ్గు తగ్గింది, ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడడం మళ్లీ మొదలైంది. ఆ గొంతు బాగుండదు. అయినా సుగుణమణి అది వినపడే చోటే కూర్చునేది.

తెలంగాణ వచ్చింది. ఆ తొలివానలకు చౌరస్తాలో సంబరాలకు చల్లిన గులాల్ రంగు ఇంకా పూర్తిగా పోకముందే, దవాఖానకు కొత్త స్కానరూ కొత్త కంప్యూటరూ వచ్చాయి. వాటిని చూసుకోవడానికి కరీంనగర్ నుంచి మనుషులు వస్తారు. పాత పెట్టెను ఆపేయాలి. మన్సూర్‌కు కబురు పెట్టారు.

ఆ రోజు యిర్మియా కూడా పరీక్షకని వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. మన్సూర్ వచ్చి, "ఏం బావా, రూఫు మంచిగున్నదా?" అంటూ లోపలికి పోయాడు. సుగుణమణి వెనకగదిలో స్టవ్ మీద చాయ్ పెట్టింది. ఇన్నేళ్లుగా నోట్లో నానుతున్న మాటను ఈ రోజు ఎట్లాగైనా చెప్పాలని, పాలు పొంగేలోపు రెండుసార్లు మనసులో చెప్పుకుని చూసుకుంది. లోపలి నుంచి పెట్టె తిరిగే సన్నని చప్పుడు ఆగిపోవడం వినిపించింది. ఆ తర్వాత స్విచ్ దింపిన చప్పుడు.

చాయ్ పట్టుకుని వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. మెయిన్ స్విచ్ దింపి ఉంది. గోడమీద బోర్డు ఉన్నంతమేర సున్నం తెల్లగా, కొత్తగా కనిపిస్తోంది. కట్టిన చెయ్యే విప్పింది. రాగితీగ చుట్ట చుట్టి కంప్యూటర్ మీద పెట్టి ఉంది.

ఆమె కప్పుతోనే వరండాలోకి వచ్చింది. "ఏడి?"

"ఇప్పుడే గేటు దాటిండు" అన్నాడు యిర్మియా. "నీకు చెప్పలే?"

"చెప్పలే."

యిర్మియా లేచాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగి, గేటు దాకా నడిచి, రొమ్ము నిండా ఊపిరి పీల్చుకుని, "ఓ మన్సూరూ!" అని వీధి వీధంతా వినపడేలా కేక పెట్టాడు.

పక్కన పోతున్న షేర్ ఆటోలోని జనం తిరిగి చూశారు. సైకిల్ అప్పటికే మలుపు దగ్గరుంది. వెనక క్యారియర్ మీద రేకు బోర్డు, ఎర్రక్షరాలు ఇటువైపుకే. మన్సూర్ వెనక్కి తిరగలేదు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి వెనక బోర్డు పడిపోకుండా దాని మీద, అట్లనే మలుపు తిరిగిపోయాడు.